గోడకీ వ్యాకరణం ఉంది బాబూ

గిడుగు రామమూర్తి పంతులుగారనగానే మనకి వ్యావహారిక భాషే గుర్తొస్తుంది. ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పుకునే పంతులు. పక్క కొండల్లోని సవర గిరిజనుల మాట నేర్చుకుని, దాని వ్యాకరణాన్ని 1931లోనూ, నిఘంటువుని 1938లోనూ అచ్చులోకి తెచ్చారు. కాగితమ్మీద లేనంత మాత్రాన నోటిమాటకి పద్ధతి లేదనకూడదన్నది ఆయన పట్టు. నోటి సంగతి అలా తేలింది గానీ, అదే సవర ఇంటి గోడ మీద వేసే ఇడితాల్ అనే బొమ్మ దగ్గరికొచ్చేసరికి మన ఆర్ట్ హిస్టరీ ఇంకా గ్రాంథికంలోనే ఉండిపోయింది.

పాఠం ఎలా ఉంటుందో చూడండి. గ్రీకు శిల్పం, రినైసాన్స్, బౌహౌస్, ప్రతిదానికీ పేరు, ఏడాది, ఊరు. చివర్లో ఒక పేజీ "గిరిజన కళ". అక్కడ పేరుండదు, ఏడాదుండదు, "అనాదిగా" అని ఒక మాట ఉంటుంది. ఈ అలవాటు ఇప్పటిది కాదు. 1856లో ఓవెన్ జోన్స్ అనే ఇంగ్లీషు డిజైనర్ లండన్‌లో వేసిన అలంకారాల పుస్తకం మొదటి అధ్యాయం పేరే "ఆటవిక జాతుల అలంకారం". ఆ వరసని మనం ఇంకా సిలబస్ అని పిలుచుకుంటున్నాం.

సరే, ఇడితాల్ సంగతికొద్దాం. దాన్ని "అందమైన గోడ బొమ్మ" అనేశారంటే సగం తప్పు అక్కడే జరిగిపోయింది. ఇంట్లో జబ్బు చేసినా, చావు జరిగినా, పురుడైనా, పంట చేతికొచ్చినా, ఏ సోనుమ్ ఏం కోరుతోందో కుడాన్, అంటే సవరల పూజారి, చెబుతాడు. సోనుమ్ అంటే దేవతో, పితరుడో. దానికి ఉండడానికి చోటు కావాలి, ఆ చోటే ఇడితాల్. అందుకే ముందు నాలుగు వైపులా గట్టు గీస్తారు. అది ఫ్రేము కాదు, ఇల్లు. ఆ తర్వాతే లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు.

వేసేది లోపలి మట్టి గోడ మీద. జల్లించిన ఎర్రమన్ను, కాస్త పేడ నీళ్లలో కలిపి రెండు పూతలు అలకాలి. పేడ లేకపోతే పూత ఆరాక చేతికి పొడిలా అంటుకుంటుంది. తెలుపు కోసం బియ్యం రాత్రంతా నానబెట్టి, వెన్నలా నూరి, మజ్జిగ చిక్కదనానికి తేవాలి. నలుపు కావాలంటే దీపం మసి. కుంచె అంటే కొస నలగ్గొట్టిన వెదురు పుల్ల.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. బియ్యప్పిండి తడిగా ఉన్నంతసేపూ నీళ్లలాగే ఉంటుంది, ఆరుతూంటేనే తెల్లబడుతుంది. గీసిన గీత కనబడ్డం లేదని దాని మీదే మళ్లీ మళ్లీ గీస్తే మందం పెరిగి, ఆరాక ముడుచుకుని పెచ్చులుగా రాలుతుంది. మరీ పలచనైతే మన్ను తాగేస్తుంది. గోడ పచ్చిగా ఉంటే ఎరుపు తెలుపులోకి ఎగబాకి గీత గులాబి రంగుకి తిరుగుతుంది. ఎండిపోయి ఉంటే పుల్లలోని నీటిని ఒక్కసారే లాగేసుకుని గీత మధ్యలో తెగుతుంది. మెరుపు పోయి, చెయ్యి వేస్తే చల్లగా తగిలే సమయం చూసుకోవాలి. తప్పు పోతే తుడవడం కుదరదు, కింది ఎరుపు కూడా ఊడొస్తుంది. మళ్లీ మన్ను రాసి, ఆగి, గీయాలి. ఇంత లెక్క ఉన్న పనిని "సహజంగా అబ్బిన కళ" అనేస్తారు చూడండి, ఒళ్లు మండుతుంది.

బొమ్మ అయ్యాక పని అయిపోయిందనుకోకండి. కుడాన్ దాని ముందు కూర్చుని సోనుమ్‌ని పిలుస్తాడు. వచ్చిన సోనుమ్ కుడాన్ నోటితోనే ఇంకా ఫలానాది కావాలంటుంది, వేసేవాడు దాన్ని చేరుస్తాడు. సైకిలూ విమానమూ గోడెక్కింది ఇందుకే. "ఆధునికత ప్రభావం" అని రాసిపడేసే ముందు అది ఎవరు అడిగితే వచ్చిందో కనుక్కోవాలి కదా.

ఇప్పుడు దీని పక్కన 1483 పెట్టండి. ఆ ఏడాది ఏప్రిల్‌లో మిలాన్‌లో ఒక భక్త సంఘం లియొనార్డో డా వించీతోనూ ఇంకో ఇద్దరు అన్నదమ్ములతోనూ పూజాపీఠం బొమ్మకి ఒప్పందం రాసుకుంది. ఏం వెయ్యాలి, ఎప్పటికివ్వాలి, 800 లీరాలు. డబ్బు దగ్గర పేచీ మొదలై ఇరవై ఏళ్లు దాటినా తెమల్లేదు. వేయించినవాళ్లున్నారు, వేసినవాళ్లున్నారు, గడువుంది, బొమ్మకి పూజలో పనుంది. మన ఇడితాల్‌కి వీటిలో ఏది తక్కువ? కాగితం ఒక్కటే. అది మాస్టర్‌పీస్ అయింది, ఇది క్రాఫ్ట్ అయింది.

ఇక సవరలకి "పర్‌స్పెక్టివ్ రాదు" అనే మాట. పర్‌స్పెక్టివ్ అంటే దూరంగా ఉన్నదాన్ని చిన్నదిగా చూపించే పద్ధతి, బొమ్మ ముందు కదలకుండా నిలబడ్డ ఒక్క కన్ను లెక్క. ఇడితాల్ బయట నిలబడేవాడి కోసం వేసింది కాదు, లోపల కాపురముండేవాళ్ల కోసం వేసింది. ఇంట్లో ఉండేవాడికి దూరపు గది చిన్నదిగా కనపడాలా?

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950లలో వీటి గురించి రాసినదాంట్లో సరుకు చాలా ఉంది, కాదనను. కానీ డెబ్బై ఏళ్ల కిందటి ఆ వర్ణనే ఈ రోజు గోడకీ అతికిస్తున్నారు. మధ్యలో కెనడా బాప్టిస్టు క్రైస్తవ మిషను ప్రభావం పెరిగింది, చాలా ఊళ్లలో సోనుమ్‌లకి చోటివ్వడం మానేశారు, దాంతో గోడా ఆగింది. మిగిలినదాంట్లో కొంత కాన్వాస్ మీదికి, బజారుకి నడిచింది. 2024లో "ఒడిశా లాంజియా సౌరా చిత్రం" అని జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, సవరల్నే ఒడిశాలో సౌరా అంటారు. సరిహద్దుకి ఇవతల, ఆంధ్రాలోని సీతంపేట సవరలు ఆ పేరులో ఎక్కడున్నారో నన్నడక్కండి. 1936 ఏప్రిల్ 1 దాకా ఇదంతా ఒకటే మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ సరిహద్దు గీత మనుషులు గీశారు, సోనుమ్‌లు కాదు.

మ్యూజియం చీటీలు రాసేవాళ్లకి, ప్రాజెక్టులకి వచ్చే పిల్లలకి ఒక విన్నపం. "సవర చిత్రం, కళాకారుడు తెలియదు" అని రాయకండి. అడగలేదు అని రాయండి, నిజాయితీగా ఉంటుంది. వేసినవాళ్ల పేరు, ఊరు, వేయించిన ఇల్లు, ఏ సోనుమ్ కోసం, ఏ నెల, తర్వాత ఏం చేర్చారు, ఈ ఆరూ అడిగితే అరపూట పని. పేరు బయటపెట్టొద్దంటే పెట్టకండి. ఫొటోలో గట్టు కోసేయకండి, కింద పెట్టిన నైవేద్యంతో సహా తీయండి. మట్టి గోడ మీద అక్రిలిక్ రంగులు వద్దు. గోడ వానాకాలం చెమ్మ పీల్చి తర్వాత వదలాలి. ప్లాస్టిక్ పొర ఆ చెమ్మని బయటికి పోనివ్వదు, బుడగలెక్కి అలుకుతో సహా ఊడుతుంది. సిమెంటు గోడ అయితే మీ ఇష్టం.

ఇంకోటి. దీని కింద "వార్లీ" అని ట్యాగ్ చేయడం ఆపండి. వార్లీ మహారాష్ట్ర పాల్‌ఘర్ వైపుది. అక్కడ మనిషంటే మొనలు కలిసిన రెండు త్రికోణాలు, ఆడామగా తేడా తెలుస్తుంది. సవర బొమ్మల్లో ఒళ్లు సాగి ఉంటుంది, కోణాలు అంత పదునుగా ఉండవు, ఆడో మగో చాలాసార్లు తేలదు. అప్పటికీ అనుమానమైతే ముందు గట్టు కోసం వెతకండి.