'ఠిక్ అఛి' మీమాంస

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉద్యోగం చేసే తెలుగువాడికి ఒక అరుదైన సౌకర్యం ఉంది. తన పని ఎలా ఉందని పై అధికారిని అడిగితే, ఏమీ తెలియనివ్వని జవాబు అతనికి రెండు భాషల్లో లభిస్తుంది. అధికారి ఒడియావారైతే 'ఠిక్ అఛి' అంటారు, తెలుగువారైతే 'పర్వాలేదు' అంటారు.

పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను ఆ ప్రశ్న ఒక్కసారే అడిగాను. అధికారి కాగితం మీంచి తల ఎత్తకుండానే 'ఠిక్ అఛి' అన్నారు. ఒడియా మర్యాద ప్రకారం 'ఆగ్యా', అంటే 'అయ్యా', అని చెప్పి బయటికి వచ్చాను గాని, ఆయన 'ఠిక్'ను నొక్కి పలికారా, 'అఛి'ని సాగదీశారా అన్న మీమాంసలో ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ వారంలోనే కూర ఎలా ఉందని మా ఆవిడ అడిగితే నేను యథాలాపంగా 'పర్వాలేదు' అన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అధికారిగారి జవాబుకు అర్థం నాకు అప్పుడు కొంత బోధపడింది.

అడగడానికి జంకేవాళ్ళను పిరికివాళ్ళని తీసిపారేసేవారికి చరిత్ర తెలియదని మనవి చేస్తున్నాను. ప్రభుత్వోద్యోగి గురించి ఏటా రహస్యంగా రాసే నివేదికలో చెడ్డమాట ఉంటేనే అతనికి తెలియజేయాలని, మంచిమాటైతే అక్కర లేదని ఒకప్పటి ఆనవాయితీ. సరిహద్దు రహదారుల విభాగంలో ఒక ఇంజనీరుగారికి పదోన్నతి రావాలంటే ఐదేళ్ళ నివేదికల్లోనూ 'చాలా మంచిది' అని ఉండాలట. ఒక ఏడాది 'మంచిది' అని మాత్రమే ఉంది. మంచిమాటే కదా అని ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆ మంచిమాటే ఆయన పదోన్నతికి అడ్డం పడింది. నివేదికలోని ప్రతి మాటనూ ఉద్యోగికి తెలియజేయవలసిందేనని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పేదాకా, మెచ్చుకోలు కూడా మనిషిని ముంచగలదని దేశం గుర్తించలేదు. మరుసటి ఏడాది కేంద్రం నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపాలని ఆదేశించింది. రాసింది చదవబోయేవాడు ఎదురుగానే కూర్చుంటాడని తెలిసినప్పటినుంచి, నేను చూసినంతలో, అందరూ 'చాలా మంచి'వాళ్ళే అయిపోయారు.

అలాగని ఈ ఊరికి అడిగి తెలుసుకునే అలవాటు బొత్తిగా లేదనుకోకండి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ బడిపంతులుగా ఉంటూ, సవర గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ళనే గురువులుగా పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, 1931 నాటికి దానికి వ్యాకరణం కూడా వెలువరించారు. చదువుకున్న పంతులు, చదువు రాని మనిషి ముందు కూర్చుని 'నేను పలికింది సరిగ్గా ఉందా' అని అడగడం ఎంత కష్టమో ఊహించుకోండి. మన్యపు జ్వరానికి మింగిన క్వినైనా వల్ల ఆయనకు చెవుడు వచ్చిందంటారు. ఎదుటివాళ్ళ మాట వినడానికి వెళ్ళి ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. మా అధికారులకు అంత శ్రమ లేదు, పదోన్నతి ఉత్తర్వుతో పాటే ఆ చెవుడు సంక్రమిస్తుంది.

అయినా తప్పంతా జవాబు చెప్పేవారిదే అనడం అన్యాయం. 'నా పని ఎలా ఉంది' అన్నది పెళ్ళిపందిట్లో ఆడపిల్ల తండ్రి చేతులు కట్టుకుని 'భోజనం బాగుందాండీ' అని అడిగినట్టే ఉంటుంది. పప్పు మాడిందని ఏ మర్యాదస్థుడు చెబుతాడు? మెచ్చుకోలు కోసం చెయ్యి చాచినవాడికి అధికారి చిల్లర వేసి పంపించేస్తారు. నేను తెగించి అడిగానని గర్వపడ్డ రోజున అడిగింది కూడా ఆ చిల్లరే.

అందుచేత పోయిన నెలలో పద్ధతి మార్చాను. మహేంద్రతనయ నదికి అవతలి ఆంధ్ర కార్యాలయానికి నేను రాసిన ఉత్తరం ఒకటి పట్టుకెళ్ళి, 'ఇందులో ఏ వాక్యం తీసేస్తే బాగుంటుందో చెప్పండి, ఆగ్యా' అని అడిగాను. ఆయన మొదటిసారి తల ఎత్తారు. కళ్ళజోడు పెట్టుకుని, ఉత్తరం రెండుసార్లు చదివి, మొదటి మూడు వాక్యాలూ కొట్టేశారు. మీ విషయం నాలుగో వాక్యంలో మొదలైంది, అందాకా ఉన్నదంతా దండాలే అన్నారు. నిజమే. చెవులు వేడెక్కాయి గాని ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు ఆయనే పిలిచి, జిల్లా అధికారికి తాము రాసుకున్న చిత్తుప్రతి నా ముందుకు జరిపి, 'ఎలా ఉంది?' అన్నారు. ఆరు వాక్యాల దాకా చదివాను, విషయం ఇంకా రాలేదు. ఆయన చూపు నా మీదే ఉంది. కాగితం మీంచి తల ఎత్తకుండానే 'ఠిక్ అఛి, ఆగ్యా' అన్నాను.