తుపాకీ మోసుకెళ్లడమెలా?

మా ఇంట్లో తాతగారి నాటి డబుల్ బ్యారల్ తుపాకీ ఒకటుంది. ఆయన నుంచి నాన్నగారికి, నాన్నగారి నుంచి నాకు లైసెన్సుతో సహా సంక్రమించింది. తాతగారి రోజుల్లో అది గోదావరి లంకల్లో బాతుల వేటకి వెళ్లేదట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో దాని వేట అయిపోయింది. అప్పట్నుంచి అది ఇల్లు కదిలేది ఒక్క పనికే. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి, అయ్యాక తెచ్చుకోవాలి. ఇంట్లో అందరికంటే క్రమం తప్పకుండా ఎన్నికల్లో పాల్గొనేది అదే.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. అప్పజెప్పమని కబురొచ్చేసరికి టెక్సాస్ నుంచి వచ్చిన మా అక్క మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. ఆయన అక్కడ లేళ్ల వేటకి వెళ్తాడు. ఆ రాష్ట్రంలో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే ముందు పాఠాలు చదివి పాసవ్వాలట. బావగారు పాసయ్యారు. ఆ సంగతి మాకు తెలియని రోజు లేదు.

నేను తుపాకీని గోనెసంచిలో చుడుతుంటే ఆయన గుండె తరుక్కుపోయింది.

"బావా, ఇది పన్నెండు బోరు. గొట్టం బోలుకి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను తూగుతాయని ఆ పేరు. అంత లెక్క ఉన్న వస్తువుని బెండకాయల్లా సంచిలో వేస్తావా? మోయడానికి పద్ధతులున్నాయి. నడు, నేను చూపిస్తాను."

మాది వశిష్ట పాయలో లంక. రేవు దాకా చేల గట్ల మీద నడక, ఆపైన పడవ, ఆ ఒడ్డున ఆటో. తూటాలు లేవని ఆయన ఒకసారి, నేను రెండుసార్లు చూసుకుని బయల్దేరాం.

మొదటిది ఒంటిచేత్తో పట్టుకోవడం. బరువు సరిగ్గా సగమయ్యే చోట పట్టుకుని, గొట్టం ముందుకి, కాస్త నేలవైపు. హాయిగానే ఉంది. కానీ ముందు మనిషి ఉంటే ఇలా పట్టుకోకూడదు, తూటా ఉన్నా లేకపోయినా. మా గట్టు మీద ముందు మనిషి లేని రోజు ఎప్పుడు? పాల క్యాను పట్టుకుని బాబాయి వెళ్తున్నాడు. వెనక్కి తిరిగి చూసినవాడు చూసినట్టే క్యానుతో సహా దాళ్వా చేలోకి దిగిపోయాడు.

రెండోది భుజమ్మీద, కావిడిలా. గొట్టం వెనక్కి. ఇందులో వెనకాల ఎవరూ ఉండకూడదు. వెనకాల ఉన్నది బావగారే కాబట్టి ఆయనే దీన్ని రద్దు చేశారు.

మూడోది రెండు చేతులా గుండెకి అడ్డంగా పట్టుకోవడం. తుపాకీ పూర్తిగా మన అదుపులో ఉంటుందనీ, ఇంతకన్నా భద్రమైంది లేదనీ అన్నారు. నిజమే. మన ముక్కు మాత్రం కోనసీమ దోమల అదుపులో ఉంటుంది. పది నిమిషాలు ఓర్చుకున్నాను.

"అయితే పెద్దమనుషుల పద్ధతి" అని తుపాకీని మడత దగ్గర విప్పి, చంటిపిల్లాడిలా నా మోచేతి మీద వేలాడదీశారు. గొట్టాలు ఖాళీ అని ఎదుటివాళ్లకి దూరం నుంచే కనిపిస్తుంది, ఎవరూ భయపడరు. ఇది నాకు బాగా నచ్చింది. ఎవరూ భయపడలేదు కూడా. ఏడ్చారు.

"అయ్యో, ఇరిగిపోయిందా అండి?" అన్నాడు కొబ్బరికాయలు ఒలిచే అతను.

"విరగలేదు. అలా విప్పుతారు."

"మీ తాతగారు అంత అపురూపంగా చూసుకునేవారండి. వెల్డింగుకా అండి?"

రామాలయం దాటేలోపు నలుగురు పరామర్శించారు. ఐదో ఆవిడ, ఇంట్లో వస్తువు విరిగితే మంచిది కాదు, శాంతి చేయించమంది. బావగారికి ఒళ్లు మండి తుపాకీ మూసేసి, ఇక పట్టీయే శరణ్యమన్నారు.

తోలు పట్టీ మా గాలి తేమకి ఎప్పుడో బూజు పట్టి తెగిపోయింది. ఆయన తన ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ విప్పి తగిలించారు. గొట్టం పైకి, తుపాకీ వీపు వెనక్కి, చేతులు రెండూ ఖాళీ. మూడు కిలోల పైచిలుకు బరువు ఒక్కసారిగా మాయమైనట్టనిపించింది. నైలాను పట్టీ చెమటకి జారుతోంది గానీ, భుజం కాస్త ఎగరేసి నడిస్తే చాలు. ఆ నడకకి దర్జా కూడా వచ్చింది. ఇదిగో, ఆ దర్జాలోనే నా తల మీద ఇంకో జానెడు తుపాకీ ఉందన్న సంగతి మర్చిపోయాను.

రేవుకి దగ్గరదారి మా పిన్ని పెరట్లోంచి. దండెం కింద నేను వంగాను. తుపాకీ వంగలేదు.

వెనకాల ఏదో బరువుగా అనిపించింది గానీ, పట్టీ జారుతోందనుకుని భుజం ఎగరేశాను. ఎగరేసినప్పుడల్లా అది ఇంకా బాగా రెపరెపలాడిందట. బావగారు వెనకాల ఫోను మాట్లాడుకుంటూ వస్తున్నారు. అలా రేవు దాకా, ఆరు గజాల తడి చీర తుపాకీ చివర జెండాలా ఎగురుతుండగా, ఎన్నికల కోడ్ వచ్చిన వారంలోనే, ఊరి మధ్య నుంచి నడిచాను. ఆ చీర రంగు చెప్పను. అది ఒక పార్టీ రంగు. ఇప్పుడు కూడా చెప్పను.

రేవులో అరుగు మీదవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన నెమ్మదిగా, "ఏం బాబూ, టికెట్టు మీకే వచ్చిందా?" అన్నాడు. ఇంకొకాయన ఆయుధాలతో ఊరేగింపు కూడదని హితవు చెప్పాడు. ఈలోగా పిన్ని పరిగెత్తుకొచ్చింది.

"కట్టుకునే చీరేరా సచ్చినోడా! పెళ్లికెళ్లాలి!"

పడవలో నేనెవరితోనూ మాట్లాడలేదు. తుపాకీ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాను.

స్టేషన్ దగ్గర మాకు ముందు పక్క లంక పెద్దాయన ఒకరున్నారు. ఎనభై ఏళ్లుంటాయి. సైకిలుకి కొబ్బరితాడుతో కట్టిన చాపచుట్ట విప్పి, అందులోంచి తుపాకీ, దుప్పట్లోంచి పిల్లాణ్ణి తీసినట్టు తీశారు. బావగారు ఆ చాపకేసి చాలాసేపు చూశారు.

"తాతగారూ, ఈ పద్ధతినేమంటారండి?"

"చాపంటారు బాబూ" అన్నాడాయన.

కానిస్టేబులు నంబరు రాసుకుని, చీటీ కట్టి, రసీదిచ్చాడు. బావగారు తన పట్టీ తను విప్పుకున్నారు.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. ఆ తర్వాత తుపాకీ తీసుకెళ్లమని ఫోనొచ్చేసరికి ఆయన టెక్సాస్‌లో ఉన్నారు. నేనొక్కణ్ణే చాపతో వెళ్లి, చుట్టి, సైకిలుకి కట్టుకుని పడవెక్కాను. ఒక్కరు పలకరిస్తే ఒట్టు. పిన్ని ఇంటి ముందునుంచి వస్తుంటే మాత్రం అరుగు మీంచి కేకేసింది.

"చాప ఎంతకిచ్చాడ్రా? నాకూ ఒకటి తేలేకపోయావా?"