ఆ మెసేజ్‌కి దండాలు పెట్టే ముందు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట మా ఇంటర్ స్నేహితురాళ్ళ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా ఆడబిడ్డ దగ్గర్నుంచి. నాలుగోసారి మళ్ళీ మొదటి గ్రూపులోనే, "చూసినవా?" అని. చూసిన. ఆదివారం పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తూ కూడా మావాళ్ళు ఇదే ముచ్చట పెట్టారు. ఇక ఆగలేక రాస్తున్నా.

"పక్క దేశాలను చూసి నేర్చుకోండి" అన్నది దాని పేరు. అందులో ఉన్నది ఇది: భూటాన్‌లో 1999 దాకా టీవీ లేదు, అందుకే విడాకులు లేవు. నేపాల్ హిందూ రాజ్యం, అక్కడ అబార్షన్ చేయించుకుంటే జైలే. శ్రీలంకలో ఆడవాళ్ళు మందు కొనకూడదు. పాకిస్తాన్‌లో మగవాడు రెండో పెళ్ళికి ఎవరినీ అడగక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో హిందువులకు విడాకుల చట్టమే లేదు, అందుకే వాళ్ళ కాపురాలు చెక్కుచెదరవు. మనం మాత్రం సీరియళ్ళు చూసి కోర్టులకెక్కుతున్నాం. కింద వరసగా దండాలు.

పాకిస్తాన్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. తప్పు. అక్కడ 1961 నుంచే రెండో పెళ్ళికి ఆర్బిట్రేషన్ కౌన్సిల్ అనే మధ్యవర్తుల మండలి రాతపూర్వక అనుమతి కావాలి, లేకుంటే శిక్ష. తప్పించుకునేవాళ్ళు ఉంటారు, అది వేరే సంగతి.

నేపాల్. ఈ మెసేజ్ రాసినాయన ఇరవై ఏళ్ళుగా పేపర్ చదివినట్టు లేదు. నేపాల్ 2006లో లౌకిక దేశమైంది, 2008లో రాజునే ఇంటికి పంపింది. అబార్షన్ చట్టబద్ధమైంది 2002లో, అంటే రాజు ఉండగానే. అంతకుముందు నిజంగానే ఆడవాళ్ళను జైల్లో పెట్టేవారు, అది చూడలేకే చట్టం మార్చారు. ఇంకొకటి కూడా ఈయనకు రుచించదు: 2018లో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ పెళ్ళి వయసును అమ్మాయికీ అబ్బాయికీ ఒకేలా 20 ఏళ్ళు చేసింది. మన దగ్గర ఇంకా 18, 21. నేపాల్‌ను చూసి నేర్చుకుందామంటే నాకేం అభ్యంతరం లేదు, పదండి.

శ్రీలంకలో అట్లాంటి నిబంధన ఒకటి వచ్చిన మాట నిజం. 1979 నాటి నిబంధన అది. 2018 జనవరిలో ఆర్థిక మంత్రి ఎత్తేస్తే, అధ్యక్షుడు కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నాడు. అయితే ఏంది? మన బెల్టు షాపుల ముందు ఏ ఆడది క్యూ కడుతోంది? మందు వల్ల మన పల్లెల్లో కూలిన కాపురాలన్నీ ఆడవాళ్ళు సీసా కొన్నందుకే కూలాయా?

భూటాన్‌కు టీవీ 1999 జూన్‌లో వచ్చింది, ఆ మాట కరెక్టే. అదే నెలలో ఇంటర్నెట్ కూడా వచ్చింది, మెసేజ్‌లో ఆ మాట లేదు. ఇంటర్నెట్‌ను తిడితే ఈ మెసేజ్ పంపేదెట్లా మరి. అసలు సంగతి, భూటాన్ వివాహ చట్టం 1980లో వచ్చింది, విడాకుల నిబంధనలు అందులోనే ఉన్నాయి. టీవీ రావడానికి 19 ఏళ్ళ ముందన్నమాట. ఆ దేశంలో చాలాచోట్ల ఇల్లూ పొలం బిడ్డకే పోతాయి, అల్లుడే ఇల్లరికం వస్తాడు. కాపురం పొసగకపోతే మూట సర్దుకునేది ఆయనే. ఈ పద్ధతి కూడా నేర్చుకుందామా అని గ్రూపులో అడిగా. ఎవరూ దండం పెట్టలేదు.

ఇప్పుడు బంగ్లాదేశ్. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. ఎందుకంటే ఇందులో మొదటి సగం నిజం. అక్కడి హిందువులకు విడాకుల చట్టం లేదు. భర్త ఎట్లాంటివాడైనా భార్యకు మిగిలేది 1946 నాటి ఒక చట్టం. దాని కింద వేరే ఇంట్లో ఉండొచ్చు, భరణం అడగొచ్చు. పెళ్ళి మాత్రం తెగదు, ఆమె మళ్ళీ చేసుకోవడానికి వీల్లేదు. ఆయన? ఆయన ఎన్నైనా చేసుకోవచ్చు, బహుభార్యాత్వాన్ని ఆపే చట్టం వాళ్ళకు లేదు. పెళ్ళి రిజిస్ట్రేషన్ కోసం 2012లో చట్టం వచ్చింది, అదీ ఇష్టమైతేనే. దాంతో పెళ్ళయిందని రుజువు చేసుకోవడమే ఒక తిప్పలు. తండ్రి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా కూడా లేదు. పుట్టింట్లో వాటా లేక, అత్తింటి నుంచి విడుదల లేక ఉన్న మనిషిని చూపించి "చూడండి, కాపురం నిలబడింది" అంటున్నారు. తలుపుకు బయట గొళ్ళెం పెట్టి, లోపలివాళ్ళు ఇల్లు కదలడం లేదు, ఎంత ప్రేమో అన్నట్టుంది.

ఆ 1946 చట్టం దేశం చీలకముందు ఢిల్లీలో చేసిందే. మనం 1955లో హిందూ వివాహ చట్టం తెచ్చుకుని దాన్ని దాటొచ్చాం. ఆస్తి విషయంలోనైతే మన ఉమ్మడి రాష్ట్రం ఇంకా ముందుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణతో పిత్రార్జితంలో బిడ్డకూ కొడుకుతో సమాన వాటా వచ్చింది. దేశమంతటికీ అది వచ్చేసరికి 2005.

ఇంకొక మాట, పేర్లు చెప్పను. ఆ మెసేజ్‌కి దండాలు పెట్టినవాళ్ళలో ఒకామె, నిరుడు బతుకమ్మకు పుట్టింటికొచ్చిన తన బిడ్డను మళ్ళీ అత్తింటికి పంపలేదు. పిల్ల చేతి మీద దెబ్బలు మేమంతా చూశాం. పంపనందుకు ఆమెను మెచ్చుకున్నాం కూడా. నీ బిడ్డకైతే చట్టం కావాలి, ఊళ్ళో మిగతా బిడ్డలకు బంగ్లాదేశ్ పద్ధతి చాలునా అక్కా?

ఇక సీరియళ్ళు. హిందూ వివాహ చట్టంతో విడాకులు వచ్చింది 1955లో. ఢిల్లీలో టీవీ ప్రసారాలు మొదలైంది 1959లో. మొదటి హిందీ సీరియల్ 1984లో. ఏది చూసి ఏది నేర్చుకున్నాం? అయినా సీరియల్‌లో విడాకులు ఎవరికి దొరుకుతున్నాయి తల్లీ? కాగితాల మీద సంతకం పెట్టబోతుంటే పెన్ను జారుతుంది, దీపం ఆరుతుంది, ఎపిసోడ్ అయిపోతుంది. పాయసంలో విషం కలిపిన అత్తకు పదిహేనొందల ఎపిసోడ్లు కాళ్ళు పట్టే కోడలిని చూసి ఎవరైనా నేర్చుకుంటే ఓర్పే నేర్చుకోవాలి, కోర్టుకు పోవడం కాదు.

అయితే టీవీ ఏమీ చెయ్యదని నేననను. మా ఇంట్లో ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మాటలుండవు. పోయిన నెల మా చిన్నది హాస్టల్ నుంచి ఫోన్ చేసి "అమ్మా, నీతో ఒకటి మాట్లాడాలి" అన్నది. "యాడ్ రానీ, నేనే చేస్తా" అన్నా. యాడ్ వచ్చింది, నేను చెయ్యలేదు, మర్చిపోయా. తెల్లారి చేస్తే "ఏం లేదులే" అన్నది. అదేందో ఇప్పటికీ చెప్పలేదు.