పరిశోధన సంగతి తర్వాత, ముందు మీ కష్టాలు చెప్పండి

అఫ్గానిస్థాన్ మీద విదేశాల్లో సదస్సు పెట్టాలంటే కొన్ని ఆచారాలు పాటించాలి. రాజకీయాల మీద పత్రం చదవడానికి, ఒకప్పుడు కాబూల్‌లో రెండు చలికాలాలు గడిపిన యూరప్ ప్రొఫెసర్ ఉండాలి. ఆర్థికం గురించి చెప్పడానికి అమెరికా నుంచి ఒక నిపుణుడు రావాలి. మరి దేశం విడిచి వచ్చిన అఫ్గాన్ ప్రొఫెసర్ అక్కర్లేదా అంటే, ఎందుకక్కర్లేదు? ఆయన లేకపోతే పోస్టర్ మీద ఎవరి ఫొటో వేస్తారు? భోజనాలకు ముందు ఆయనకో పది నిమిషాలు కేటాయిస్తారు. అంశం: స్వీయానుభవం.

అలాంటి ఒక సభను ఊహించుకోండి. మన ప్రొఫెసర్‌గారు హెరాత్ చుట్టుపక్కల సాగునీటి మీద ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. కొండ పాదం నుంచి పొలం దాకా నేల అడుగున నీళ్లు పారించే కారేజ్‌లు, ఏ రైతుకు ఎంతసేపు నీళ్లు వదలాలో తేల్చే మీరాబ్‌లు, పై ఊరికీ కింది ఊరికీ తగాదా వస్తే ఎవరి మాట చెల్లుతుందన్న లెక్కలు, అన్నీ ఆయనకు కొట్టిన పిండి. సభలో మొదటి పత్రం కోష్ తేపా కాలువ మీద. ఆమూ దర్యా నది నీళ్లు మళ్లించడానికి తాలిబన్లు 2022లో తవ్వడం మొదలుపెట్టిన 285 కిలోమీటర్ల కాలువ అది. నదికి దిగువన ఉన్న ఉజ్బెకిస్థాన్, తుర్క్‌మెనిస్థాన్‌లకు దాంతో నిద్ర పట్టడం లేదు. వక్త ఉపగ్రహ చిత్రాలు చూపించి, ఇసుక నేలలో లైనింగ్, అంటే అడుగున గట్టి పూత, లేకుండా తవ్వితే నీళ్లు ఇంకిపోతాయని కనిపెట్టినట్టు చెబుతాడు. మన ప్రొఫెసర్ చెయ్యెత్తుతాడు. అధ్యక్షురాలు ఎంతో ఆప్యాయంగా నవ్వి, "మీ సెషన్ తర్వాత ఉంది కదండీ, ఇది టెక్నికల్ సెషన్" అంటుంది.

ఆయన వంతు రానే వస్తుంది. పాపం, స్లైడ్లు కూడా చేసుకొచ్చాడు. మొదటిది దాటకముందే ప్రశ్న: "ఆ రోజు కాబూల్ ఎయిర్‌పోర్టులో ఎలా ఉండింది?" చెబుతాడు. "పిల్లలు భయపడ్డారా?" పడ్డారండీ. "అమ్మగారు ఇంకా అక్కడే ఉన్నారా?" ఉన్నారు. మూడో వరుసలో ఒకావిడ టిష్యూ తీస్తుంది. సభ సార్థకమైంది, భోజనాలకు లేస్తారు. మీరాబ్‌ల స్లైడ్లు మెయిల్ చేయమన్నారు. ఆర్నెల్లకు యూరప్ ప్రొఫెసర్‌గారి వ్యాసం అచ్చవుతుంది, చివర కృతజ్ఞతల్లో మనాయన కూడా ఉంటాడు. భద్రతా కారణాల రీత్యా పేరుండదు, "ఒక స్థానిక సహాయకుడు" అని ఉంటుంది. కాలువ గురించి పేరు వేసి మాట్లాడితే ప్రమాదమట. తల్లి ఎక్కడుందో మైకులో చెప్పించినప్పుడు లేని ప్రమాదం!

సాయం చేసేవాళ్లను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. హిట్లర్ తరిమేసిన ప్రొఫెసర్ల కోసం 1933లో బ్రిటన్‌లో పుట్టిన సంస్థ ఈనాటికీ పనిచేస్తోంది. జర్మనీ, ఫ్రాన్స్ పథకాల వల్ల కూడా ప్రాణాలు దక్కాయి. కాకపోతే ఫెలోషిప్ ఏడాదో రెండేళ్లో. ఆ తర్వాత ఉద్యోగం కావాలంటే కాబూల్ ఉన్నత విద్యాశాఖ ముద్ర వేసిన సర్టిఫికెట్లు తెమ్మంటారు. 2022 డిసెంబరులో అమ్మాయిలను యూనివర్సిటీల్లోంచి గెంటేసిన శాఖే అది. ఆ దెబ్బకు ఉద్యోగం పోయిన లేడీ లెక్చరర్ ఇప్పుడు వాళ్లకే అర్జీ పెట్టుకోవాలి: అయ్యా, నేను చదువుకున్నదాన్నేనని దయచేసి ఒక ముద్ర వేయండి.

ఒక విషయంలో మాత్రం తాలిబన్లను మెచ్చుకోవాలి. 2025లో యూనివర్సిటీల నుంచి దాదాపు 680 పుస్తకాలు తీసేశారు. అందులో 140 దాకా ఆడవాళ్లు రాసినవి. 18 సబ్జెక్టులు చెప్పనే వద్దన్నారు. కానీ ఆ పుస్తకాలు పరిశీలించడానికి కమిటీ అంటూ ఒకటి వేశారు కదా! పండితుల రాతలంటే ఆ మాత్రం భయం వాళ్లకుంది. సదస్సులు పెట్టేవాళ్లకు అదీ లేదు.

మనమేం తక్కువ తినలేదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతిలో పడిన పది రోజులకే, బయట ఉన్న అఫ్గాన్లకు మనమిచ్చిన పాత వీసాలన్నీ చెల్లవన్నాం. ఇక్కడ చదువుతూ కొవిడ్ సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలు అక్కడే ఇరుక్కుపోయారు. హైదరాబాద్ హాస్టళ్లలో వాళ్లతో కలిసి తిన్న మనవాళ్లు ఎందరున్నారు, ఎందరు నోరు విప్పారు? అమెరికా ఇంకో మెట్టు పైన. దాని డబ్బుతో ఒమన్‌లో చదువుకుంటున్న 80 మందికి పైగా అఫ్గాన్ అమ్మాయిలకు 2025లో స్కాలర్‌షిప్ ఆపేసి, ఇక ఇంటికెళ్లమన్నారు. ఏ ఇంటికి? ఏ కాలేజీకి? సైన్సు చదివే పిల్లను తీసుకెళ్లి తాలిబన్ల గుమ్మంలో దింపడానికి మీకు సిగ్గెలా లేకుండా పోయింది?

ఈ గోలలోనే, దేశం దాటిన టీచర్లు కొందరు ఇరుకు ఫ్లాట్లలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాబూల్ అమ్మాయిలకు క్లాసులు చెబుతున్నారు. అటుపక్క కెమెరాలుండవు, అసలు పేర్లుండవు. 2025 సెప్టెంబరు చివర్లో తాలిబన్లు దేశమంతా ఇంటర్నెట్ ఆపేస్తే రెండు రోజులు అవీ లేవు. కనెక్షన్ రాగానే మళ్లీ మొదలుపెట్టారు. ఫెలోషిప్ పొడిగింపు దరఖాస్తులో ఈ క్లాసులు ఏ గడిలో రాయాలని అడిగితే, ఏ గడిలోనూ అక్కర్లేదు, అది మీ సొంత విషయం అన్నా నేను ఆశ్చర్యపోను.