నాగపూర్ సంబంధం

ఆవిడ: ఏమండీ, ఆ నాగపూర్ నాయుడికి 61 ఏళ్ళని ఫోనులో ఎవరితోనో అంత తాపీగా చెబుతున్నారే, ఆ మాట మా తమ్ముడికి తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పాలని మీకు తోచలేదా?

ఆయన: 61 కాక మరెంత? 62 అని రాసినవాడు లెక్క తప్పాడు. అక్టోబరు 31న పుట్టిన మనిషికి ఆ డిసెంబరులో 61 నిండి ఉంటాయి గాని 62 ఎలా నిండుతాయే?

ఆవిడ: పెళ్ళివారు 29 అన్నారండీ!

ఆయన: ఎవరు చెప్పారో చెప్పకుండా ‘అన్నారు’ అంటే కుదరదు. అలాంటి చోటల్లా నేను ‘ఆధారం చూపాలి’ అని ఒక ముద్ర వేసేస్తున్నాను. అయినా ఆ వయసులో రంజీ మ్యాచి ఆడి 52 పరుగులు చేయడమంటే మాటలు కాదు.

ఆవిడ: మనం పిల్లనిస్తున్నది కాపురం చేయడానికా, ఆ ముసలాయన పరుగులు లెక్కపెట్టడానికా?

ఆయన: ముసలాయన ఏమిటి, కల్నల్ అను. హోల్కర్ మహారాజు తన సైన్యంలో ఇచ్చిన హోదా అది.

ఆవిడ: క్రీడల కోటాలో రైల్వే ఉద్యోగం అని చెప్పి, ఇప్పుడు సైన్యం అంటారా? ఇంకేమేమి దాచారు?

ఆయన: దాచడానికేముంది? మొత్తం 7 టెస్టులు. మొదటిది 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. భారతదేశానికి అదే తొలి టెస్టు, ఈయనే తొలి కెప్టెను.

(7 టెస్టులు అనగానే ఆవిడ చేయి గుండె మీదికి వెళ్ళింది. 1932 అనేసరికి కిందికి దిగింది. పై వాటాలో ఉన్న నేను కిటికీ తలుపు ఇంకాస్త తెరిచాను.)

ఆవిడ: మీరు మాట్లాడుతున్నది సి.కె. నాయుడి గురించా?

ఆయన: మరెవరి గురించనుకున్నావు? వికీపీడియాలో ఆయన వ్యాసాన్ని సరిచూస్తున్నాను. ఆయన పోయింది 1967లో.

ఆవిడ: పోయినాయన అన్న ముక్క మొదటే అనవలసింది. పెళ్ళికొడుక్కి 61 నిండాయట, వెంటనే నిలదీయమని తమ్ముడికి ఇందాకే ఫోను చేసి చెప్పేశాను.

ఆయన: ఒక్క చోట విన్నదాన్ని రెండో చోట సరిచూసుకోకుండా ప్రచురించడం అంటే ఇదే.

ఆవిడ: సరిచూసుకోవడం నాకు నేర్పుతారా? మా ఇంట్లో ముగ్గురు పిల్లల సంబంధాలకు వాకబు చేసినదాన్ని నేను. తల వెనక్కి వాల్చండి, చుక్కల మందు వేళయింది. మందు వేస్తూ ఆ వ్యాసం నేను చదువుతాను, మీరు వినండి. ‘బ్యాటు పట్టిన సింహం, అశేష ప్రజానీకపు ఆరాధ్యదైవం.’ ఇది ఎవరు రాశారు?

ఆయన: నేను కాదు, ఎవరో అభిమాని రాసి ఉంటాడు.

ఆవిడ: పిల్లాడు బంగారం అంటే సరిపోదు, ఎన్ని కాసులో చెప్పమనాలి.

ఆయన: చెబుతాను. 1932 ఇంగ్లండు పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచిలలో 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీశాడు. మరుసటి ఏడు ఇంగ్లండు క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ వాళ్ళు ఎంచిన అయిదుగురు క్రికెటర్లలో ఒకడయ్యాడు.

ఆవిడ: అదుగో, అలా రాస్తే సింహం అని మీరు అనక్కర్లేదు, చదివేవాళ్ళే అనుకుంటారు. ఇక్కడ ఆయన కూతురు చంద్ర నాయుడు రాసిన పుస్తకాన్ని ఆరుసార్లు చూపించారేమిటి?

ఆయన: కన్న కూతురి కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఆవిడ: ఇంట్లో ఆయన ఎలా ఉండేవాడో, ఎంత కోపిష్ఠో కూతురు చెబితే నమ్మండి. ఆటలో ఎంత మొనగాడో మాత్రం పొరుగువాణ్ణి అడగండి. పెళ్ళికొడుకు గుణగణాలు వాళ్ళమ్మను అడిగి రాసుకునేవాడిని వాకబు మనిషి అనరు.

ఆయన: సరే, 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద కొట్టిన 153 పరుగులు, 11 సిక్సర్ల సంగతైనా ఒప్పుకుంటావా? దానికి స్కోరు పట్టిక ఉంది.

ఆవిడ: పట్టిక ఉంటే నాకు పేచీ లేదు. ఈ తరువాతి వాక్యంతోనే నాకు పేచీ. ‘ఇంగ్లండులోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో ఆయన కొట్టిన బంతి రే నది దాటి, వార్విక్‌షైర్ జిల్లా నుంచి పక్క జిల్లా వూస్టర్‌షైర్‌లో పడింది.’ పడినప్పుడు ఎవరు చూశారు?

ఆయన: పది పత్రికలు రాశాయే!

ఆవిడ: ఒకే పెళ్ళిళ్ళ పేరయ్య పది ఇళ్ళకు తిరిగి చెప్పినంత మాత్రాన పదిమంది సాక్షులైపోతారా? పదింటిలో ఎన్ని ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయో, ఎన్ని ఈ వ్యాసాన్నే చూసి రాసుకున్నాయో చూశారా?

ఆయన: (చాలాసేపు ఏదో వెతికి) ఆ నదికి అవతలి ప్రాంతాలను 1911 నాటికే వార్విక్‌షైర్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో కలిపేశారట. అంటే 1932లో నదికి రెండు గట్లూ వార్విక్‌షైరే.

ఆవిడ: సిక్సరు సిక్సరే, దాన్ని ఎవరూ కాదనరు. సరిహద్దు దాటడం మాత్రం పెళ్ళివారు చెప్పే ఎకరాల లెక్క. ‘అని చెప్పుకుంటారు’ అని చేర్చి, ఆ కింద 1911 ముక్క కూడా పెట్టండి. పాపం, అంత మంచి కథను పూర్తిగా తీసేయకండి.

ఆయన: ఇంత వాకబు తెలిసిన ఇంట్లో నా గురించి ఎవరిని అడిగారే?

ఆవిడ: మా నాన్న మీ ఊళ్ళో ఇద్దరిని అడిగారు. ఒకాయన పిల్లాడు చాలా మంచివాడన్నాడు, రెండో ఆయన ఎవరేమి చెప్పినా చెవికెక్కించుకోడన్నాడు. రెండో మాట పెళ్ళయిన వారానికే రుజువైంది.

ఆయన: మరి మొదటిది?

ఆవిడ: అక్కడ మీ ముద్ర వేసుకోండి. ఇదిగో, నవ్వకండి, చుక్క చెంప మీద పడింది. మళ్ళీ వేయాలి.

(ఫోను మోగింది. తమ్ముడు. ఆవిడ కాసేపు విని, చేత్తో ఫోను మూసి ఇటు తిరిగింది.)

ఆవిడ: వింటున్నారా? 61 అన్నందుకు అవతలివాళ్ళకు పౌరుషం వచ్చి పదో తరగతి సర్టిఫికెట్టు పంపారట. అందులో పిల్లాడికి 33 ఉన్నాయట! మీ నాయుడి పుణ్యమా అని నాలుగేళ్ళు బయటపడ్డాయి. (ఫోనులో) ఒరేయ్ తమ్ముడూ, ఆ ఉద్యోగం కాగితం కూడా పంపమను. వాళ్ళ చుట్టాలు కానివాళ్ళు, ఒకళ్ళకొకళ్ళు తెలియనివాళ్ళు ఇద్దరి పేర్లు చెప్పమను. మీ బావ కూర్చుని అన్నీ సరిచూస్తారు.

ఆయన: నన్నెందుకు లాగుతావే? నాకు వూస్టర్‌షైర్ పని ఉంది.

ఆవిడ: అది 1911లోనే అయిపోయిందండీ.