మా ఇంట్లో బేస్ పోయింది

మా హాలుకు నాలుగు మూలలు. నాలుగూ నేను పుట్టకముందే పంచేసుకున్నారు. ఈశాన్యం దేవుడిది. నైరుతిలో బీరువా. ఆగ్నేయంలో వంటింటి గడప, దాని పక్కన ఫ్రిజ్జు. వాయవ్యంలో కిటికీ కింద మా జేజి, అదే మా నాయనమ్మ, మంచం. రెండు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్ కొని ఆటోలో ఇంటికి తెచ్చుకున్న రోజు గానీ, ఈ ఇంట్లో నాకంటూ ఒక మూల లేదని నాకు తెలియలేదు.

మొదట ఒక స్పీకరు ఫ్రిజ్జు మీద, ఇంకోటి బీరువా మీద పెట్టాను. పాట పెడితే పాడేవాళ్లు అటక మీద కూర్చుని పాడినట్టు వినపడింది. పైగా బీరువా తలుపు ప్రతి దరువుకూ తాళం వేసింది. మా ఆవిడ వచ్చి, "లోపల నా చీరలు అదురుతున్నాయి" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది.

మా ఆఫీసులో ఒకాయనకు ఈ విషయాల్లో పిచ్చి. టీ తాగుతూ విషయం చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేసి, జాలిగా చూశాడు. రెండు స్పీకర్లు, వినేవాడి తల, ఈ మూడూ సమబాహు త్రిభుజంలా ఉండాలన్నాడు. పైన ఉండే చిన్న స్పీకరు, అదే ట్వీటరు, కూర్చున్నవాడి చెవి ఎత్తుకు రావాలి. గోడకు రెండడుగులన్నా ఎడం ఉండాలి, మూలకు తోసేకొద్దీ బేస్, అదే లావు శబ్దం, ఉబ్బిపోయి మొద్దుగా మోగుతుంది. రెండింటినీ కొంచెం లోపలికి తిప్పాలి, మన ముఖం చూస్తున్నట్టు. అప్పుడు పాడే మనిషి రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట, వచ్చి నిలబడతాడట.

ఆ నిలబడే మనిషి కోసం నేను రెండు నెలలు పడిగాపులు పడ్డాను.

మా హాలు పన్నెండడుగులు బై పదహారు. టేపు పట్టి, మా పాప జామెట్రీ బాక్సు అడుక్కుని, సుద్దముక్కతో నేల మీద ఆరడుగుల త్రిభుజం గీశాను. మా పాప ఏడో తరగతి. "మూడు కోణాలూ అరవై ఉండాల నాన్నా, నీది ఒకటి డెబ్బై అయింది" అని చెరిపించి మళ్లీ గీయించింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. వస్తే ఏమైంది? త్రిభుజం కొస పోయి పోయి జేజి మంచం కోడు దగ్గర ఆగింది. మంచం అరగజం జరుపుదామా అని అడిగాను. "కిటికీ గాలి ఈడికే వస్తాది. నువ్వు గాలిని జరుపు, నేను మంచం జరుపుతా" అంది. త్రిభుజాన్నే జరుపుకున్నాను.

ఇక ఎత్తు. స్పీకర్ స్టాండ్ల ధర చూసి కళ్లు తిరిగాయి. నల్లబండకు ఊరి పేరే పెట్టిన ఊళ్లో ఉంటూ స్టాండ్లు కొనడం ఏమిటని పౌరుషం వచ్చింది. ఎక్కడెక్కడి ఇళ్లల్లోనో వంటింటి అరుగులై, అరలై కూర్చుంటున్న కడప బండ మనకు పనికిరాదా? రెండు ముక్కలు కోయించి ఆటోలో వేయించాను. ఆటో అతను దారిలో రెండుసార్లు అద్దంలో నన్ను చూసి, చివరికి గొంతు తగ్గించి, "ఎవురు సార్ పోయినారు? జంట సమాధా?" అని అడిగాడు. స్పీకర్లకన్నాను. దిగేదాకా మళ్లీ మాట్లాడలేదు.

సిమెంటు ఇటుకలు పేర్చి వాటి మీద బండ, బండ మీద స్పీకరు. ట్వీటరు సరిగ్గా చెవి ఎత్తుకు వచ్చింది. తీగలు మాత్రం చాలలేదు. పాత వైరు ముక్క ఒకటి వెతికి అతుకు వేసి టేపు చుట్టాను. ఈ అతుకు సంగతి ఇక్కడ చెప్పి వదిలేస్తున్నాను, గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మరుసటి రోజు పొద్దున లేచి చూస్తే రెండు దిమ్మెలకూ పసుపు రాసి, మూడేసి కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి. ఎడమ స్పీకరు మీద ఒక మందారపువ్వు. జేజిని అడిగితే, "నల్లంగా, గుండ్రని కండ్లతో ఉండాది. ఏ దేవుడైతేనేమి, ఉత్తగా ఉంచకూడదు" అంది.

పువ్వు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, ఒక కచేరీ పెట్టాను. మనిషి రాలేదు. గొంతు గదంతా పరుచుకుంది గానీ ఒక చోట నిలబడలేదు. అంతకంటే ఘోరం, మృదంగంలో కుడి పక్క టకటకా వినపడుతోంది, ఎడమ పక్క తొప్పి మోతే లేదు. ఫ్రిజ్జు మీద ఉన్నప్పుడైనా కాస్త ఉండేది. త్రిభుజం గీసి, బండలు మోసి, పసుపు కుంకుమలు పెట్టించుకున్నాక బేస్ పూర్తిగా పోయింది.

ఆ తర్వాత నేను చేసిన పనులన్నీ చెప్పుకోలేను. గోడల మీద శబ్దం తగిలి వెనక్కి వచ్చే చోటు కనిపెట్టడానికి మా ఆవిడ చేత గోడ పొడుగునా అద్దం పట్టించుకుని నడిపించాను. కూర్చున్న చోటినుంచి అద్దంలో స్పీకరు ఎక్కడ కనపడితే అక్కడ మందపాటి గుడ్డ వేలాడదీయాలి. కనపడిన చోట జేజి పాత బొంత కట్టాను. చూసినవాళ్లంతా గోడకు చెమ్మ వచ్చిందా అని అడిగారు. మే నెలలో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, మా ఆవిడకు సైన్సు కూడా చెప్పాను. ఇరవై డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది, మన నలభై రెండు డిగ్రీల ఎండలో దాదాపు 356 మీటర్లు పోతుంది, కడపలో పాట త్వరగా చెవికి చేరుతుంది అని. "నేను ఉప్పు తెమ్మని పొద్దున చెప్పిన మాట ఇంకా చేరలేదు" అంది.

చివరికి ఆఫీసాయన పాకుడు పద్ధతి చెప్పాడు. వినే కుర్చీలో స్పీకరును కూర్చోబెట్టాలి. మనం దాని చోటు వెతుక్కుంటూ గోడల వెంట మోకాళ్ల మీద పాకాలి. ఎక్కడ బేస్ నిండుగా వినపడితే స్పీకరుకు అదే చోటు. పాకేవాడి పరువు గురించి ఈ పద్ధతిలో ఏమీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున పదకొండుకు లుంగీ ఎగ్గట్టి మొదలుపెట్టాను. కుర్చీలో ఒక్క స్పీకరే మోగుతోంది. ఆశ్చర్యం, బేస్ ఉంది! ఒక్కటి మోగితే ఉన్న బేస్, రెండూ కలిస్తే ఎందుకు పోతోందని బుర్ర ఉన్నవాడు ఎవడైనా ఆలోచిస్తాడు. నేను అది కుర్చీ మహిమ అనుకున్నాను. బీరువా దాటాను, ఫ్రిజ్జు దాటాను, వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆహా, తొప్పి మోత కడుపులో తగిలింది. అక్కడే తల గడపకు ఆనించి ఉండిపోయాను.

"గడప మీంద తల పెట్టాకురా, దరిద్రం" అని మంచం మీదినుంచి జేజి. దేవుని కడపను తిరుమలకు గడప అంటారు, ఆ గడపే మన ఊరి పేరైందంటారు. ఆ లెక్కన ఊరంతా గడప మీదే కాపురం ఉంది గదా అందామనుకున్నాను. ఇంతలో వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

ప్రొద్దుటూరు మామ.

ఈయన గురించి కొంచెం చెప్పాలి. మా జేజి ఆడబిడ్డ కొడుకు. ఆడబిడ్డను మేము ప్రొద్దుటూరు అవ్వ అంటాం. 2011లో నా పెండ్లికి ఆమె వచ్చి వారం రోజులుంది. ఆమె బస్సెక్కిన రోజు సాయంత్రమే జేజి ముక్కు బేసరి కనపడకుండా పోయింది. ముత్యం వేలాడే బేసరి, ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల వీధిలో చేయించింది. జేజి ఎవరినీ ఏమీ అనలేదు. "యాడి సొమ్ము ఆడికే పోయింది" అని మాత్రం అంది, అదీ పందిరి కింద ఇరవై మంది ముందు. అంతే, యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం పద్నాలుగేళ్లు మాటల్లేకుండా గడిచిపోయింది. మా ఇంట్లో బేసరి అన్న మాటే ఎవరూ ఎత్తరు.

ఆ మామ ఇప్పుడు చేతిలో శుభలేఖతో, కూతురి పెండ్లికి పిలవక తప్పక వచ్చి, వాకిట్లో నిలబడి, గడపకు చెవి ఆనించి బోర్లా పడి ఉన్న నన్ను చూశాడు.

"ఏమైంది అల్లుడా? ఏం పోగొట్టుకున్నావ్?"

మృదంగం మోతలో అరిచి చెప్పాను. "బేస్ రాలే మామా! పోయింది! అదే వెతుకుతాండా!"

మామ ముఖం నల్లబడింది. శుభలేఖ చెయ్యి కిందికి దిగింది. "పద్నాలుగేండ్లయింది. ఇంగా దాన్నే వెతుకుతాండారా? నేను వాకిట్లో అడుగు పెట్టేసరికే?"

నాకు అర్థమయ్యేలోపు మంచం మీద జేజి లేచి కూర్చుంది. జేజికి సగం మాటలే వినపడతాయి, ఆ సగం ఎప్పుడూ సరైన సగం కాదు. "బేసరి వెతుకుతాండావా నాయనా?" అని కండ్లు ఒత్తుకుంది. "ఇన్నేండ్లకు అడిగేవాడు పుట్టినాడు. కానీ ఈడ యాడుంటాదిరా? ప్రొద్దుటూరులో వెతకాల!" ఆ మాట పూర్తయ్యాక గానీ వాకిట్లో ఎవరున్నారో చూసుకోలేదు.

మామ చెప్పులు విప్పాడు. లోపలికి వచ్చాడు. శుభలేఖ దేవుడి దగ్గర పెట్టాడు. చొక్కా గుండీలు విప్పుతూ, "ఈ పొద్దు తేలిపోవాల అత్తా. ఈ ఇల్లంతా వెతుకుదాం. దొరక్కపోతే మా అమ్మను నేనే ఈడికి పిల్చుకొచ్చి నీ ముందర నిలబెడతా" అన్నాడు. నేను లేచి, బేస్ అంటే బంగారం కాదు, అది ఒక రకం చప్పుడు అని చెప్పబోయాను. ఇల్లు దులిపే అవకాశం ఎదురొచ్చిందని మా ఆవిడ అప్పటికే చీపురుతో వచ్చేసింది. పక్కింటామె ఏం పోయిందో అడక్కుండానే కొంగు దోపింది.

పద్నాలుగేళ్లలో కదలనివన్నీ పావుగంటలో కదిలాయి. ఫ్రిజ్జు నడిచింది. గోడ మీది బొంత దిగింది. గాలిని జరిపితే తప్ప జరగనన్న మంచం, జేజితో సహా, ఇద్దరు ఎత్తితే హాలు నడుమకు వచ్చి కూర్చుంది. జేజి దాని మీదినుంచే చెయ్యి చూపిస్తూ, "ఆ మూల, ఆ మూల" అని పని చేయించింది. స్పీకర్ల వెనక టార్చి వేసి చూస్తున్న మా పాప మధ్యలో, "నాన్నా, ఇక్కడ ఎర్ర తీగకు నల్ల తీగ కట్టినావు" అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఒక స్పీకరు తీగలు తిరగబడ్డాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది అదే క్షణంలో వెనక్కి లాగుతోంది. లావు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేసుకుంటున్నాయి. గొంతుకు నిలబడే చోటు లేకుండా పోవడం కూడా అందుకే. రెండు నెలలు, జంట సమాధి, అద్దం, బొంత, ఈ పాకడం, అంతా ఒక అతుకు కోసం. పాప అప్పటికే టేపు విప్పి ఎరుపుకు ఎరుపు కడుతోంది.

అదే సమయంలో మామ బీరువాకు భుజం పెట్టాడు. మరో ఇద్దరం పట్టాం. బీరువా మూలిగి జానెడు జరిగింది. వెనక గోడకూ నేల బండకూ మధ్య సందులో బలపం ముక్క, రెండు రూపాయల బిళ్ల, ఎండిన చింతగింజలు. వాటి నడుమ దుమ్ములో ఒక ముత్యం.

మామ దాన్ని పంచె అంచుతో తుడిచాడు. జేజి అరచేతిలో పెట్టాడు. ఒక్క మాట అనలేదు. జేజి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఫోన్ కలుపురా, మీ అవ్వకు" అంది.

పద్నాలుగేళ్ల తర్వాత ఏమంటుందో అని ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. జేజి ఫోను చెవికి తిరగేసి పట్టుకుని, గట్టిగా, "అమ్మీ! నీ కొడుకు ఈడ సంగటి తినిపోతాండాడు. నువ్వెప్పుడొస్తావ్?" అంది. బేసరి ఊసే లేదు. ఆ పక్కనుంచి అవ్వ ఏమందో మాకు వినపడలేదు. "ఆ... ఆ... వాని బేస్ పోతే వెతుకుతాండిరి, ఏందో మిషను సామాను" అని మాత్రం ఈ పక్క సమాధానం.

మరుసటి ఆదివారమే ప్రొద్దుటూరు అవ్వ దిగింది. దిమ్మెల మీది పసుపు కుంకుమలు చూసి చెప్పులు బయటే వదిలి, రెండు స్పీకర్లకూ దండం పెట్టుకుని వచ్చి జేజి పక్కన మంచం మీద కూర్చుంది. మంచం ఇంకా హాలు నడుమనే ఉంది, వెనక్కి జరపడానికి జేజి ఒప్పుకోలేదు. నేను లెక్క చూసుకున్నాను. అరవై డిగ్రీల కొస సరిగ్గా వాళ్లిద్దరి తలల మధ్య పడింది.

కచేరీ పెట్టాను. తొప్పి నిండుగా మోగింది. పాడే మనిషి ఖచ్చితంగా వచ్చి నిలబడే ఉంటాడు, వాళ్లిద్దరికీ ఎదురుగా. వాళ్లు చూడలేదు. పద్నాలుగేళ్ల కాన్పులు, చావులు, భూమి తగాదాలు ఒకదాని వెనక ఒకటి దింపుకుంటున్నారు. "ఆ మోత తగ్గించు నాయనా, వదిన మాట ఇనపడల్యా" అంది అవ్వ.

తగ్గించాను. తగ్గించినా బేస్ బాగా వినపడే చోటు ఇంట్లో ఇంకొకటి ఉందని నాకు తెలుసు. మెల్లగా లేచి వెళ్లి, వంటింటి గడప మీద కూలబడ్డాను.

"గడప మీంద కూచోవాకురా!" అన్నారు జేజీ, అవ్వా, ఒక్క గొంతుతో.