డయాలసిస్ వాళ్లకి నిద్ర పట్టకపోవడం టెన్షన్ వల్లేనా? వాట్సాప్‌లో తిరుగుతున్న ఆడియోకి నా జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పది రోజులుగా ఒక ఆడియో తిరుగుతోంది. మాట్లాడేది ఎవరో తెలీదు గానీ గొంతులో చాలా నమ్మకం ఉంది. అందులో చెప్పింది ఇదీ. డయాలసిస్ చేయించుకునేవాళ్ల రక్తం వారానికి మూడుసార్లు శుభ్రమవుతుంది కాబట్టి, నిద్ర పట్టకపోవడానికి ఒంట్లో కారణమేమీ ఉండదు, అంతా టెన్షనే. కాళ్లు లాగడం నరాల బలహీనత. గురక పెడుతున్నారంటే నిద్ర బాగా పట్టినట్టే. రాత్రి పట్టకపోయినా మెషిన్ మీద నాలుగు గంటలు పడుకుంటే ఆ లోటు తీరిపోతుంది. అప్పటికీ కాకపోతే గసగసాలు వేసిన పాలు, ఒక అరటిపండు. ఇంకా కాకపోతే అర నిద్రమాత్ర.

నాకు మొదట పంపింది నెల్లూరులో ఉన్న మా వదిన. ప్రేమతోనే పంపారు. మా ఆయనకి డయాలసిస్ మొదలై ఆరేళ్లయింది. మేం ఉండేది చెన్నైలో, పెరంబూరు దగ్గర. మొదటి రెండేళ్లు నేనూ ఆయనతో ఈ మాటలే అన్నాను. "ఊరికే ఆలోచించకండి, కళ్లు మూసుకుని పడుకోండి" అనేదాన్ని. రాత్రి రెండింటికి ఆయన హాల్లో అటూ ఇటూ నడుస్తుంటే విసుక్కున్నాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు "రక్తం శుభ్రమైపోతుంది" అన్న మాట. వారానికి 168 గంటలు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఆ 168 గంటలూ పనిచేస్తాయి. మెషిన్ పనిచేసేది నాలుగు గంటల చొప్పున మూడుసార్లు, అంటే 12 గంటలు. మిగతా 156 గంటలూ ఒంట్లో నీరు, పొటాషియం, ఫాస్ఫరస్, మలినాలు చేరుతూనే ఉంటాయి. కొన్ని మలినాలు ఫిల్టర్‌లోంచి సరిగా బయటికి పోవు కూడా. రాత్రి కాగానే పెరిగి నిద్రకి దారి చూపించాల్సిన మెలటోనిన్ అనే హార్మోన్, డయాలసిస్ మీదున్న చాలామందిలో పెరగాల్సినంత పెరగదు. ఒంట్లో కారణం లేదని ఎలా అంటాం?

టెన్షన్ లేదని నేను అనను. ఉద్యోగం పోతుంది, డబ్బులు కరిగిపోతాయి, రేపు ఎలా అన్న భయం ఉంటుంది. డిప్రెషన్ కూడా వీళ్లలో ఎక్కువే, దానికి వైద్యం చేయించాలి. కానీ "టెన్షన్" అన్న మాట పడగానే ఇంట్లోవాళ్లు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా, ఇంకేమీ అడగడం మానేస్తారు. మా ఇంట్లో జరిగింది అదే.

కాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా ఆయన "ఎముకల లోపల ఏదో పాకుతున్నట్టుంది" అనేవారు. నొప్పి కాదు, తిమ్మిరి కాదు. పగలు ఏమీ ఉండదు. రాత్రి తొమ్మిది దాటి మంచం మీద కాళ్లు చాపగానే మొదలవుతుంది. కదపకుండా ఉండలేరు. లేచి నడిస్తే తగ్గుతుంది, పడుకోగానే మళ్లీ వస్తుంది. అప్పట్లో చూపించిన డాక్టరు నరాల బలహీనత అని చెప్పి మూడు నెలలు విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. నేను రోజూ కొబ్బరినూనె రాసి కాళ్లు పిసికేదాన్ని. పిసుకుతున్నంతసేపూ బాగుండేది, చెయ్యి తీయగానే మొదలు.

తర్వాత ఇంకో నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, నాలుగే ప్రశ్నలు అడిగారు. కాళ్లు కదపాలనిపిస్తుందా? ఊరికే కూర్చున్నా, పడుకున్నా ఎక్కువవుతుందా? కదిపితే తగ్గుతుందా? సాయంత్రం, రాత్రి పెరుగుతుందా? నాలుగింటికీ అవును అన్నాం. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారని అప్పుడే తెలిసింది. 1945లో స్వీడన్‌కి చెందిన ఎక్బోమ్ అనే డాక్టరు దీన్ని వివరంగా రాసి ఆ పేరు పెట్టారట. కిడ్నీ ఫెయిలైనవాళ్లలో ఇది మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. కిడ్నీ మార్పిడి బాగా పనిచేస్తే చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. కారణం మనసులోనే ఉంటే, కొత్త కిడ్నీతో కాళ్లెలా కుదుటపడతాయి?

ఆ డాక్టరు చేసిన మొదటి పని కొత్త మందు రాయడం కాదు, ఉన్న మందుల చీటీ చూడడం. వాంతి వచ్చినట్టుంటుందని మా ఆయన నెలల తరబడి మెటోక్లోప్రమైడ్ వాడుతున్నారు. అది ఈ కాళ్ల బాధని పెంచుతుంది. దురదకి ఇచ్చే, మత్తు వచ్చే రకం అలర్జీ మందులు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా పెంచుతాయి. ఆ మాత్ర ఆపించారు. తర్వాత ఐరన్ చూశారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ అంకె ఒక్కటే చూసి ఐరన్ సరిపోయిందనుకోకూడదు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (ఇన్ఫెక్షన్ లాంటివాటికి ఒళ్లు స్పందించడం) ఉంటే కూడా అది పెరుగుతుంది, అందుకని రక్తంలో వాడకానికి ఐరన్ ఎంత అందుతోందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడాలన్నారు. చూస్తే తక్కువుంది. మెషిన్ మీద ఉండగానే ఐరన్ ఎక్కించారు. ఆ తర్వాతే నరాలకి వాడే గబాపెంటిన్ అనే మందు చాలా తక్కువ డోసులో, అదీ డయాలసిస్ అయ్యాక మాత్రమే వేసుకోమన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ మందు బయటికి పోవాల్సింది కిడ్నీల నుంచే. మామూలు మనుషుల డోసు వేసుకుంటే ఒంట్లో పేరుకుపోయి మత్తు, తికమక, ఒళ్లు అదిరిపడడం వస్తాయి. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనుక్కునే మందు కాదిది.

నెలన్నరకి మా ఆయన రాత్రి నడక చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇప్పటికీ నెలలో రెండు మూడు రాత్రులు లేస్తారు. ఇప్పుడు నేనూ లేచి ఆయనతో పాటు వరండాలో నడుస్తాను.

గురక గురించి ఆ ఆడియో చెప్పింది వింటే భయం వేసింది. మా ఆయన పక్క బెడ్ మీదకి తడ నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చే పెద్దాయన ఒకరున్నారు. ఆయన గురక మధ్యలో ఆగిపోతుందని, కాసేపటికి ఉలిక్కిపడి గుటక వేసినట్టు ఊపిరి తీసుకుంటారని ఆయన భార్య చెప్పింది. అది గాఢనిద్ర కాదు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. స్లీప్ ఆప్నియా అంటారు. డయాలసిస్ వాళ్లలో ఇది ఎక్కువ. దానికి ఒక కారణం నీరు. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు, పడుకోగానే మెడ వైపుకి, ఊపిరితిత్తుల వైపుకి చేరి గాలిదారిని ఇరుకు చేస్తుంది. కెనడాలోని టొరంటోలో చేసిన ఒక పరిశోధన 2001లో వచ్చింది. 14 మంది పేషెంట్లని వారానికి మూడుసార్ల మామూలు డయాలసిస్ నుంచి, దాదాపు ప్రతి రాత్రీ నిద్రలోనే ఎనిమిది పది గంటలు సాగే డయాలసిస్‌కి మార్చారు. అంతకుముందు గంటకి సగటున 25 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగేది, అది 8కి పడిపోయింది. చిన్న పరిశోధనే. అయినా డయాలసిస్ మారితే నిద్రలో ఊపిరి మారిందన్నది అందులో స్పష్టంగా ఉంది.

మనకి రాత్రి డయాలసిస్ అందుబాటులో లేకపోవచ్చు. నీరు చేరి పెరిగే బరువు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది. చెన్నైలో కత్తిరి ఎండల్లో నాలుక పిడచగట్టుకుపోతుంటే, రోజుకి ముప్పావు లీటరు నీళ్లతో సరిపెట్టుకోమనడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను. అందుకే మా ఇంట్లో నీళ్ల కంటే ముందు ఉప్పు తగ్గించాం. ఆవకాయ, అప్పడాలు మానేశాక దాహమే తగ్గింది. ఆ పెద్దాయనకి డ్రై వెయిట్ (డయాలసిస్‌లో అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువు) ఇంకాస్త తగ్గించారు, స్లీప్ స్టడీ చేసి, నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గాలిదారిని తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్ రాశారు.

మెషిన్ మీద నిద్రకి వద్దాం. కాసేపు కునుకు తీస్తే తప్పేం లేదు, ఆ అలసట నిజమైనది. కానీ పగలు మూడు నాలుగు గంటలు నిద్రపోతే ఆ రాత్రి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున ఆరింటి షిఫ్టు అంటే మేం నాలుగింటికే లేవాలి. ఆయన మెషిన్ మీద పడుకునేవారు, రాత్రి మళ్లీ జాగారం. ఇప్పుడు అరగంట కునుకు తీశాక ఫోన్‌లో పాత పాటలు పెట్టుకుంటారు. ఇంకో సంగతి ఆ ఆడియోలో అసలు లేదు. మెషిన్ మీద ఉండగా వరసగా ఆవలింతలు, ఉన్నట్టుండి మగత వస్తే, అది నిద్ర కాకుండా బీపీ పడిపోతున్న గుర్తు కావచ్చు. వెంటనే సిస్టర్‌ని పిలవాలి. ఏసీ చలికి దుప్పటి కప్పుకున్నా ఫిస్టులా (డయాలసిస్ సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి మాత్రం బయటే ఉండాలి, సూది జారితే అందరికీ కనపడాలి.

పాలూ అరటిపండూ. ఒక మాదిరి అరటిపండులో 350 నుంచి 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. పాలల్లో ఫాస్ఫరస్ ఉంది, గసగసాల్లోనూ ఉంది. రాత్రుళ్లు నిద్ర పోనివ్వని దురదకి ఉన్న కారణాల్లో ఫాస్ఫరస్ ఒకటి. ఆ గ్లాసు పాలు రోజు నీళ్ల లెక్కలోకి కూడా వస్తాయి. డైటీషియన్ ఒప్పుకున్న కొలతలో తాగితే సరే. నిద్ర కోసం అందరూ రోజూ తాగండి అని చెప్పడం ప్రమాదం.

నిద్రమాత్ర అంతకంటే ప్రమాదం. నిద్రలో ఊపిరి ఆగే మనిషికి మత్తుమాత్ర ఇస్తే ఊపిరి ఇంకా మందగించవచ్చు. తూలి పడితే దెబ్బ మామూలుగా ఉండదు, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి ఉంటారు. అమెరికాలో డయాలసిస్ పేషెంట్ల నిద్రలేమి మీద చేసిన ఒక ట్రయల్ 2024లో వచ్చింది. నిద్రకి ఇచ్చిన ట్రాజోడోన్ అనే మాత్ర, మందే లేని ఉత్తుత్తి మాత్ర కంటే మేలు చేయలేదు. పైగా దాన్ని వాడినవాళ్లలో గుండెకి సంబంధించినవి సహా తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. అదే ట్రయల్‌లో ఫోన్, వీడియో ద్వారా ఇచ్చిన నిద్ర కౌన్సెలింగ్ కూడా తేడా చూపించలేదు. ఒకే మందు అందరి నిద్రలేమికీ పనిచేయదు. ఎవరికి కాళ్లు, ఎవరికి ఊపిరి, ఎవరికి దురద, ఎవరికి దిగులు అన్నది ముందు తేలాలి.

అది తేలాలంటే ఎవరో ఒకరు అడగాలి. మా యూనిట్‌లో వెళ్లగానే బరువు చూస్తారు, బీపీ చూస్తారు. కొత్తగా చేరిన తమిళ సిస్టర్ ఒకామె మాత్రం సూది పెట్టే ముందు "రాత్రి తూక్కం వందదా?" అని అడుగుతుంది, నిద్ర పట్టిందా అని. ఆమె అలా అడగబట్టే పక్క బెడ్ పెద్దాయన గురక సంగతి బయటపడింది.

మా వదినకి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. వాళ్ల వీధిలో ఒక మాస్టారు ఏడాదిగా డయాలసిస్ మీద ఉన్నారట, రాత్రంతా అరుగు మీదే కూర్చుంటారట, అందుకే ఆ ఆడియో ఆయనక్కూడా పంపారట. "వదినా, ఆ మాస్టారిని ఒక్క మాట అడగండి, లేచి నడిస్తే కాళ్లకి హాయిగా ఉంటుందా అని. అవునంటే మందుల చీటీలన్నీ తీసుకుని ఈ వారమే వాళ్ల కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి" అన్నాను. సాయంత్రం వెళ్లి అడుగుతానన్నారు.